తేమంటే గిట్టని కూర్మయ్య మాస్టారు

బరంపురం కూర్మయ్య మాస్టారికి ఈ భూప్రపంచంలో గిట్టనిది ఒక్కటే, తేమ. పాము కనిపిస్తే పక్కకి తప్పుకుని దారిస్తారు. తడిగొడుగు కనిపిస్తే మాత్రం కర్ర పుచ్చుకుని వెంటపడతారు.

పట్టుమని పది మైళ్ళ దూరంలో సముద్రం పెట్టుకుని తేమతో వైరమేమిటని మీరడగొచ్చు. ఆయన పని అలాంటిది. కాలేజీలో ఫిజిక్సు చెబుతూ, పెరోవ్‌స్కైట్ అనే పదార్థంతో సోలార్ సెల్స్ చేస్తారు. దాన్ని ద్రావకంలో సిరాలా కరిగించి, గాజుబిళ్ళ మీద చుక్క వేసి, గిర్రున తిప్పి, వేడి పలక మీద పెడితే పసుపుపచ్చటి పూత నల్లబడుతుంది. ఆ నలుపే ఎండని మింగి కరెంటు ఇస్తుంది. చవక, తేలిక, అన్నీ మంచి గుణాలే. కానీ తేమ తగిలిందా, మళ్ళీ పచ్చబడి చచ్చి ఊరుకుంటుంది. అలా మాస్టారి కళ్ళ ముందు ఎన్ని సెల్స్ పోయాయో లెక్క లేదు. ప్రతిదానికీ ఆయన మైల పట్టినంత పని చేశారు.

మెడలో గొలుసుకి తేమ కొలిచే మీటర్ వేలాడుతూ ఉంటుంది. "టైమెంతయింది సార్?" అని ఎవరైనా అడిగితే దాన్ని చూసి, "ఎనభై రెండు! ఇంక బతికినట్టే!" అని విసురుగా వెళ్ళిపోతారు. గేట్ బజార్‌లో చెప్పుల దుకాణాలన్నీ తిరిగి, కొత్త జోళ్ళ పెట్టెల్లో ఉండే తేమ పీల్చే గుళికల పొట్లాలు పోగుచేస్తారు. వాటిని జేబుల్లో, బియ్యం డబ్బాలో, ఒకసారి చుట్టాల పెళ్ళిలో పెళ్ళికొడుకు తలపాగాలో కూడా పెట్టారు. పాపం, ఆ అబ్బాయి తాళి కట్టేదాకా తల గోక్కుంటూనే ఉన్నాడు.

ఇంట్లో ఆయన భార్య వరహాలమ్మ పరిస్థితి మరీ అన్యాయం.

"పప్పు కుక్కర్ కూత కూసిందంటే సాలు, మడిసి సొక్కా ఎగేసుకుని ఈదిలోకి పారిపోతారు," అంటుందావిడ. "ఆవిరి లేకుండా అన్నం ఎలాగ ఉడుకుతాదండీ?"

"ఉడకబెట్టమని నేనడిగినానా? అటుకులు లేవేటి?"

ఇంతటి మనిషి దగ్గర పరిశోధనకి చేరింది దుర్గాభవాని. ఊరి పక్క హల్దియాపదర్ పిల్ల. భర్త వేణు అస్కాలో చక్కెర మిల్లు ఉద్యోగి, ఆదివారాలు ఇంటికొస్తాడు. సెల్ మీద వాననీరు నిలవకుండా జారిపోయేలా పల్చటి పొర వేయాలన్నది దుర్గాభవాని ఆలోచన. దసరా వెళ్ళాక భువనేశ్వర్ నుంచి కమిటీ వస్తుంది. వానల్లో కాలేజీ మేడమీద తడిసిన సెల్ వాళ్ళొచ్చేసరికి నల్లగానే ఉంటే ఫెలోషిప్ పొడిగిస్తారు, పచ్చబడితే ఆమె చదువు అంతటితో సరి.

ఆ పిల్లకి ఇంకో కంగారు కూడా ఉంది. మూడో నెల. వేణుకి తప్ప ఎవరికీ చెప్పలేదు, అత్తగారికి కూడా. ఆ సెల్స్‌లో కడుపులో బిడ్డకి హాని చేసే సీసం ఉంటుంది, కరిగించే ద్రావకం అంతకంటే చెడ్డది. సంగతి బయటపడితే, సెలవు తీసుకోమని ఆమె పని ఇంకొకళ్ళకి అప్పగిస్తారు. పని జరిగేది గాజుపెట్టెలో కదా, చేతికి తొడుగులున్నాయి కదా అని తనకి తనే సర్దిచెప్పుకునేది. ఆ గాజుపెట్టె పాతది, అంచుల్లోంచి గాలి కారుతుందని ఆమెకి తెలుసు. రోజూ ల్యాబ్ తలుపు తియ్యబోయే ముందు కాళ్ళు ఆగేవి, అయినా లోపలికి వెళ్ళేది.

రథయాత్ర వెళ్ళిన మర్నాడు మాస్టారు గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డారు.

"ఆగమ్మా! తలస్నానం సేసినావా?"

"నేదు మాస్టారూ."

"అయితే నువ్వు ఊపిరితో తడిగాలి ఎక్కువ వదుల్తన్నావు. మీటర్ ఎగిరిపోతంది. ఎల్లు, వరండాలో కూకో."

"గాలి వదలకుండా ఎలాగుంటాను మాస్టారూ?"

"అందుకే బయటుండమన్నాను. కిటికీలోంచి సూసి సెప్పు, నేను సేత్తాను."

వరండాలో కిటికీ పక్కన ఒక కుర్చీ, టేబుల్ ఫ్యాను వెలిశాయి. మూసిన అద్దానికి అటు మాస్టారు, ఇటు దుర్గాభవాని. చెవుల్లో ఫోన్లు. పాఠాలు చెప్పడంలో ఆయనకి తిరుగులేదు గాని చేతిపనిలో మాత్రం శుద్ధ మొద్దు. పైగా ఒక్కచోట నిలబడరు. చుక్క వేస్తారు, మీటర్ దగ్గరకి పరుగెడతారు, తలుపు కింద సందులో గుడ్డ కుక్కుతారు, తిరిగొచ్చేసరికి బిళ్ళ మాడిపోయి ఉంటుంది.

"అయ్యో, దించండి మాస్టారూ! మాడిపోతంది!"

"అరవకమ్మా, అద్దం మీద ఆవిరి పడతంది!"

వర్షాలు ముంచుకొచ్చాయి. మేడమీద పెట్టిన మొదటి బిళ్ళలు పచ్చబడిపోయాయి. కుర్చీలో కూర్చుంటే దుర్గాభవానికి ముళ్ళ మీద ఉన్నట్టుండేది. పని చేసేది ఆయన, రేపు పేరూ ఆయనదే అవుతుందేమో! తనని గాలి వంకతో బయటికి గెంటేశారనే అనుమానం పెరిగి పెరిగి, ఒకరోజు వరండా చివరి దాకా నడిచి, వెనక్కి తిరిగి, నేరుగా వెళ్ళి తలుపు బాదింది.

"ఇది నా పని మాస్టారూ! మాస్కు ఎట్టుకుంటాను. నన్ను లోపలికి రానీండి!"

మాస్టారు తలుపు సందులోంచి ముఖం మాత్రం బయటపెట్టారు.

"మాస్కు నువ్వొక్కదానివీ ఎట్టుకుంటే సరిపోతాదేటమ్మా? లోపలున్నోళ్ళకెవరు ఎడతారు?"

దుర్గాభవాని చెయ్యి పొట్ట మీదికి పోయింది.

"ఎవరు సెప్పినారు మీకు?"

"ఎవరూ సెప్పనేదు. మీటర్ సెప్పింది." మాస్టారు బయటికొచ్చి, గబగబా తలుపు మూసి, ఆమె వైపు చూడకుండా మాట్లాడసాగారు. "నెలరోజుల పాటు సూసినాను. పొద్దున్నే పది గంటలకి నువ్వు బయటికి పరిగెత్తుతావు, తడి మొహంతో లోపలికొస్తావు, మీటర్ ఎగురుద్ది. మళ్ళీ ఎల్తావు, మళ్ళీ ఎగురుద్ది. మధ్యాన్నమైతే సుబ్బరంగా ఉంటాది. నాకు ఇద్దరు కూతుళ్ళమ్మా. మీ పిన్నిగారికి ఏవిళ్ళు ఎలాగొచ్చాయో నాకు తెల్దా?"

"మరి అప్పుడే అడక్కూడదా మాస్టారూ?"

"అడిగితే ఆ మాట ఆఫీసుకి ఎల్తాది. నిన్ను సెలవులో ఎట్టి, నీ పని ఇంకోడికి ఇచ్చీస్తారు. తేమంటే ఎవుడూ అనుమానపడడు. ఈ ఊరంతా నన్ను పిచ్చోడనే అంటాది కదా!"

అప్పటిదాకా ఆయన మీద పెంచుకున్న కోపమంతా ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు. సిగ్గేసింది, కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. నెలల తరబడి గుండెల మీదున్న బరువు దిగిపోయి, ఆ వరండాలోనే గట్టిగా నవ్వేసింది.

ఆ తర్వాత అద్దానికి రెండు పక్కలా పని జోరందుకుంది. పొర మందం ఎంతుండాలో ఆమె లెక్కకట్టడం, ఆయన పాడుచెయ్యడం, ఆమె కేకలెయ్యడం, ఆయన మళ్ళీ చెయ్యడం. వానలు తగ్గుముఖం పట్టేసరికి మేడమీద ఒక బిళ్ళ మాత్రం నల్లగా నిగనిగలాడుతూ నిలబడింది.

కమిటీ పెద్దమనిషి దాన్ని వేళ్ళతో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చేసిందెవరు?"

"ఈ అమ్మాయి," అన్నారు మాస్టారు.

"మీ చేతులు కాలి ఉన్నాయే?"

"నా చేతులతోనే చేసిందండి. వేరే దారి లేక. చాలా ఓపికున్న పిల్ల."

ఫెలోషిప్ పొడిగించారు. కమిటీ కారు గేటు దాటగానే దుర్గాభవాని అడిగింది. అప్పటికి కడుపు స్పష్టంగా తెలుస్తోంది.

"మాస్టారూ, నేను లోపలికి ఎప్పుడు రావొచ్చు?"

"బిడ్డ పుట్టి, పాలు మానీసినాక."

"అమ్మో, ఇంకా రెండేళ్ళా! అంతవరకూ ఏటి సెయ్యను?"

"ఇన్నాళ్ళూ సేసిందే. నన్ను తిట్టు."

దుర్గాభవాని కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, పొట్ట పట్టుకుని నిదానంగా కూర్చుంది. చెవిలో ఫోను పెట్టుకుని అద్దంలోంచి లోపలికి చూసింది.

"మాస్టారూ! ఆ మీటర్ వొగ్గీసి ముందు ఇటు రండి, పలక వేడెక్కిపోతంది!"

"వస్తన్నానమ్మా, వస్తన్నాను!" అంటూ తేమ పేరు చెప్పి కాలేజీలో అందరినీ గడగడలాడించే కూర్మయ్య మాస్టారు పరుగున వచ్చారు.