మాస్టారు వచ్చేదాకా

వెంకటసుబ్రహ్మణ్యం మాస్టారికి డెబ్భై ఒకటి. ఘంటసాల పక్క పల్లెలో ఆయన్ని అడక్కుండా ఎవరూ ముఖ్యమైన పని మొదలుపెట్టరు. పెద్దాయనకి అన్నీ తెలుసంటారు. ఆయనకి తెలిసిందల్లా ఎవరో ఒకరు చచ్చిపోతే తెలిసిందే. ఆ మాట మాత్రం ఎవరూ అనరు, ఆయనే లోపల అనుకుంటుంటారు.

పాము మంత్రం తండ్రి నుంచి వచ్చింది. బడిలో సైన్సు పాఠం చెప్పే మనిషి ఇంటికొచ్చి మంత్రం వెయ్యడమేమిటని ఎవరికీ అనుమానం రాలేదు, ఆయనకీ రాలేదు. కరిచింది విషం లేని పామైనప్పుడల్లా మంత్రం బ్రహ్మాండంగా పనిచేసేది. ఆయన ముప్ఫై రెండో ఏట కౌలు రైతు పోతయ్యని రక్తపింజర కాటేసింది. మాస్టారు వేపాకు నమిలించారు. చేదుగా ఉందన్నాడు పోతయ్య. చేదు తెలుస్తోందంటే విషం ఎక్కనట్టేనని రెండు గంటలు మంత్రం వేస్తూ కూర్చున్నారు. చిగుళ్ళలోంచి రక్తం కారాక గానీ బండి కట్టలేదు. బందరు దారిలోనే ప్రాణం పోయింది.

దాంతో మంత్రం మానేశారు. మానేసి ఊరుకున్నారా, కాటు పడిందని ఎవరొచ్చినా ఆస్పత్రికి పొమ్మని కసిరేవారు. మూఢనమ్మకాల మీద ఉపన్యాసం కూడా దంచేవారు. ఒకసారి మార్తమ్మ మొగుణ్ణి మోయించుకొస్తే వాకిట్లోకే రానివ్వలేదు. వాళ్ళు సరేనని తలూపి, తిన్నగా కాలవ అవతల ఇంకో మంత్రగాడి దగ్గరికి పోయారు. సాయంత్రానికి మనిషి లేడు.

అప్పుడు తట్టిందాయనకి ఉపాయం. జనం మంత్రాన్ని వదలరు. సరే, ఆ మంత్రాన్నే ఆస్పత్రికి తీసుకెళ్తే సరి. ఆ తర్వాత కాటు పడ్డ మనిషి రాగానే ఆటో ఎక్కించి, తనూ పక్కన కూర్చుని, బందరు దాకా మంత్రం గొణుగుతూ వెళ్ళారు. మంత్రమూ ఇంజెక్షనూ కలిస్తేనే పారుతుందని చెప్పారు. మనిషి బతికాడు. అలా పదిహేడేళ్ళలో పదకొండుమంది బతికారు.

జనం దారికొచ్చారుగా, ఇక నిజం చెప్పెయ్యమని భార్య సీతారత్నం పోరుతూనే ఉండేది. చెబుదాంలే అనేవారు. చెప్పలేదు. బతికినవాడి పెళ్ళాం బిడ్డలు కాళ్ళ మీద పడుతుంటే ఆయనకి బాగుండేది. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

ఈ ఏడు నాట్ల రోజుల్లో కంటి ఆపరేషన్‌కని భార్యాభర్తలిద్దరూ గుడివాడ వెళ్ళారు. ఆ ఉదయమే గట్టు మీద నారు కట్ట అందుకోబోయిన సులోచనని రక్తపింజర కరిచింది. ఊళ్ళో ఆటో ఉంది, డ్రైవరున్నాడు, బందరుకి మంచి రోడ్డుంది. మొగుడు ఈశ్వరప్రసాద్ మాత్రం ఆమెని తాళం వేసిన మాస్టారింటి అరుగు మీద పడుకోబెట్టి, ఫోన్ చేస్తూ కూర్చున్నాడు. మాస్టారి ఫోనేమో గుడివాడలో సీతారత్నం సంచిలో చప్పుడు లేకుండా వెలిగి ఆరిపోతోంది.

మధ్యాహ్నం కంటికి కట్టుతోనే మాస్టారు ఫోనందుకున్నారు. సంగతి విని, ముందు బయల్దేరరా అని అరిచారు.

"మీరు లేకుండా ఎలాగండీ? మంత్రం లేకపోతే ఇంజెక్షన్ పారదని మీరేగా చెప్పారు."

"అబద్ధం చెప్పానురా. మంత్రం లేదు, మన్నూ లేదు. నీకు దణ్ణం పెడతాను, తీసుకెళ్ళు."

ఈశ్వరప్రసాద్ నమ్మలేదు. అంత దూరం నుంచి రాలేక అలా అంటున్నారనుకున్నాడు.

"పోనీ ఫోన్లో వెయ్యండి మాస్టారూ. దాని చెవి దగ్గర పెట్టి తీసుకెళ్తాను."

వాదించడానికి టైము లేదు. ఆస్పత్రి వరండాలో గోడకి ఆనుకుని, పోతయ్యకి వేసిన మంత్రమే మళ్ళీ వేశారు. ఆటో కదిలిన చప్పుడు విన్నారు. బందరు చేరేసరికి ఆలస్యమైపోయింది. డాక్టర్లు రెండు రోజులు పోరాడారు, సులోచన దక్కలేదు.

పెద్దకర్మ నాడు మాస్టారు పదిమందిలో లేచి నిలబడి అంతా చెప్పేశారు. పోతయ్యని చంపింది తన మంత్రమేననీ, మార్తమ్మ మొగుణ్ణి చంపింది తన కోపమేననీ, ఇప్పుడు ఈ పిల్లని చంపింది తన అబద్ధమేననీ అన్నారు. చెబుతూ ఏడ్చారు. జనం జాలిగా విన్నారు. ఎవరో మంచినీళ్ళందించారు.

ఈశ్వరప్రసాద్ వచ్చి ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టాడు.

"మీ తప్పేం లేదండీ. మీరు ఊళ్ళో ఉంటే అది బతికేది. మీకూ వయసైపోయింది మాస్టారూ, ఆ మంత్రమేదో ఇంకెవరికైనా నేర్పి పెట్టండి."