మామ మెచ్చిన రాజీనామా

ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, మనసులో ఉన్నది ఉన్నట్టు కాగితం మీద పెట్టడమే రచన అని నా గట్టి నమ్మకం. (డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో ఇలాంటివి చాలా ఉంటాయి.) ఆ నమ్మకంతోనే రోజూ మద్రాసు మైలాపూరులో బస్సెక్కి, కోడంబాక్కంలో మా మేనమామ దగ్గరికి పనికి వెళ్లేదాన్ని. ఆయన తమిళ సినిమాలకు తెలుగు డబ్బింగు మాటలు రాసేవాడు. ఒకరోజు నాకొక సీను ఇచ్చాడు. పదేళ్లు చాకిరీ చేయించుకుని ఒక్కనాడూ 'తిన్నావా' అని అడగని మొగుడికి, ఇల్లు వదిలే ముందు భార్య చెప్పే ఒకే ఒక్క మాట. రెండు రోజులు అన్నం సయించక రాశాను: "నేనీ ఇంట్లో ఉన్నానని నీకు తెలుసా?" రాసి నేనే ఏడ్చాను. మామ దాన్ని తెర మీది నోటితో సరిచూసి, ఎర్ర పెన్నుతో కొట్టేశాడు.

"ఏమే, ఆడ ఆమె పెదవులు మూడు తూర్లు మూసుకుంటా ఉండాయి. నీ మాటలో ఒక్క తూరీ మూసుకోలే. 'మా అమ్మింటికి పోతా' అని పెట్టు, సరిగ్గా కూర్చుంటాది."

"మనసులో మాట రాశాను మామా!"

"మనసు ఎవురికి కనిపిస్తాదే? నోరు చూసి రాయి."

నాకు ఒళ్లు మండిపోయింది. పదేళ్ల దుఃఖాన్ని పుట్టింటి ప్రయాణం చేసేశాడే! అక్కడే, టిఫిన్ క్యారియర్ పక్కకు నెట్టి, రాజీనామా రాశాను. "మీకు నోళ్లు తప్ప మనుషులు కనిపించరు. మీరు మూయించిన నోరు ఒకనాడు తెరుచుకుంటుంది. ఆనాడు మీరే చెవులు మూసుకుంటారు." ఇలా కాగితానికి రెండు వైపులా, ఒక్క కొట్టివేత లేకుండా. మామ పెదవులు కదుపుతూ చదివాడు. ఏడుస్తాడేమో, క్షమించాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడ్డాను.

"భలే రాసినావే! మిల్లు కూలోడు ఓనరును కడిగేసే సీన్లో అట్నే కూర్చుంటాది."

"అది రాజీనామా మామా!"

"సరి సరి. తర్వాతి సీను తీసుకో."

నా కోపం తెర మీద ఎలా ఉంటుందో చూడాలని పని మానలేదు. (సిగ్గులేనితనమే, ఒప్పుకుంటాను.) తెలుగు సినిమా ఆంధ్రలో రాగానే నెల్లూరు దాకా రైల్లో వెళ్లి చూశాను. మిల్లు కూలీ మీసం దువ్వుతూ నా రాజీనామా అంతా అప్పజెప్పాడు. హాల్లో ఈలలే ఈలలు. ఆ తర్వాత ఆ భార్య వచ్చి "మా అమ్మింటికి పోతా" అంది. నా పక్కసీటు ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నాకు మళ్లీ మండింది. ఈ మాటకు ఏడుపా? ఉండబట్టలేక అడిగేశాను.

"నాకు పోయేదానికి అమ్మిల్లు లేదు తల్లీ," అంది.

ఈ సంగతి మామకు ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఆయన గెలిచినట్టు కదా! ఆ పొగరు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కోపం కూడా వస్తుంది, కాకపోతే అది మామ మీద కాదు.