కారు తుడిచే గుడ్డ

ఇనుము చెక్కే లేతు మిషను నడిపిన పెద్దాయన పని కొడుక్కి అప్పగించినా పొద్దున్నే షెడ్డుకు వచ్చి కూర్చుంటాడు. కొడుకు కొన్న కొత్త కారు సగం షెడ్డును మింగేసింది. కొడుకు దాన్ని పసిబిడ్డలా తుడిచి, తడిగుడ్డను లేతు మిషను మీదే ఆరేస్తాడు. ఆ తడికి మిషను తుప్పు పట్టింది. చూసినప్పుడల్లా పెద్దాయన బయటికెళ్లి ఉమ్మేసి వస్తాడు.

ఆ రోజు ఒకతను అరిగిన ఇరుసు తెచ్చాడు. కొడుకు కారులో ఏసీ వేసుకుని, అద్దం వేలెడు దించి, “రేపు రండి బాబాయ్, ఇవాళ మూడ్ లేదు” అన్నాడు. పెద్దాయన లేచి, ఆ గుడ్డనే నూనెలో ముంచి తుప్పు రుద్దసాగాడు.

“అయ్యో నాన్నా! అది కారు గుడ్డ, ఎంత ఖరీదో తెలుసా?”

“అందుకేరా, తుప్పు బాగా వదులుతోంది,” అంటూ ఆయన ఇరుసును మిషనుకు బిగించాడు. “నీ బండి బయట పెట్టుకో. ఇనప రజను ఎగురుతుంది.”

కొడుకు కారు తాళం తిప్పేలోపే మిషను తిరిగింది.