జిగురు దూలాల మీద చవుడు

వడ్ల ఈరన్నకు పైకప్పులంటే భయం. చిన్నప్పుడు వానకు నానిన మట్టిమిద్దె కూలి, పక్కనే పడుకున్న తమ్ముడు చనిపోయాడు. అప్పటినుంచి ఏ దూలం కనబడినా ముందు వేలి కణుపుతో తట్టి చూస్తాడు. చెద తిన్నది డొల్లగా పలుకుతుంది.

గుత్తి దగ్గర శనక్కాయల వ్యాపారి దేవేంద్ర కాయలు ఒలిపించే షెడ్డు కడుతూ చెక్కపని ఈరన్నకే అప్పగించాడు. దూలాలు బెంగళూరు నుంచి లారీలో వచ్చాయి. ఒక్క చెట్టువి కావు. సన్నటి పలకలు ఒకదానిపై ఒకటి పేర్చి, జిగురు పూసి, బిగించి చేసినవి. ఈరన్న తట్టాడు. ఆ చప్పుడు మంచిదో చెడ్డదో తెలియలేదు. వానకు జిగురు కరగదా అని అడిగాడు. కరగదని, పైన పలకలూ రేకూ చాలని, అంతకుమించి బరువు పెట్టొద్దని దేవేంద్ర చెప్పాడు. ఈరన్న తలూపాడు గానీ నమ్మలేదు.

వానలకు ముందు మిద్దెల మీద చవుడు మట్టి పరుస్తారు. తడిస్తే బిగుసుకుని చుక్క నీరు దిగనివ్వదు. దేవేంద్ర అనంతపురం వెళ్ళిన రోజు చూసి, ఈరన్న షెడ్డు మీద కూడా జానెడు మందాన పరిచేశాడు. కింది నుంచి చూసేవాళ్ళకు అది కనబడదు. మనసు కాస్త కుదుటపడింది.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది, వదల్లేదు. లోపల ఆడవాళ్ళు కాయలు ఒలుస్తున్నారు. వాళ్ళలో ఈరన్న భార్య సుబ్బలక్ష్మమ్మ ఉంది. నడిమి దూలానికి కాటా వేలాడుతోంది. పొద్దున నేలకు రెండు వేళ్ళ ఎత్తున ఉన్న దాని తట్ట ఇప్పుడు నేలను తాకి ఉంది. ఈరన్న దాన్ని చూసి, తలెత్తి దూలాన్ని చూశాడు. అందరినీ బయటికి రమ్మన్నాడు. ఎవరూ కదల్లేదు.

“ఏమప్పా, మబ్బు జూస్తేనే నీకు మిద్దె కూలతాది. మమ్మల్ని తడిసి సావమంటావా?” అందొకామె. మిగతావాళ్ళు నవ్వారు.

అసలు సంగతి చెబితే తప్ప లేవరు. ఈరన్న గొంతెత్తాడు.

“మట్టి నేనే పోసినా. నాని బరువెక్కింది. దూలం వంగుతాండాది. లెయ్యండి.”

నవ్వు ఆగిపోయింది. గంపలు వదిలేసి అందరూ వానలోకి పరుగెత్తారు. ఈరన్న పార తీసుకుని నిచ్చెన దగ్గరికి పోతే సుబ్బలక్ష్మమ్మ చొక్కా పట్టుకుంది. నువ్వెక్కితే నీ బరువు కూడా దానిమీదే కదా అంది. వాన నిలిచేదాకా, ఏ క్షణాన ఏ చప్పుడు వినాల్సి వస్తుందోనని అందరూ తడుస్తూ నిలబడ్డారు.

దూలం విరగలేదు. దేవేంద్ర వచ్చి ఈరన్నను నానా తిట్లూ తిట్టి, కింద గుంజలు పోటు పెట్టించి, మట్టి దింపించాడు. బెంగళూరు ఇంజనీరు వచ్చి చూసి, జిగురు ఎక్కడా విడలేదు, లోపల పని చేసుకోవచ్చు అన్నాడు.

ఆడవాళ్ళు వాకిట్లోనే ఆగిపోయారు. “ఈరన్నా, ముందు నువ్వు పో” అన్నారు.

ఈరన్న పోయి నడిమి దూలం కింద కూర్చున్నాడు. ఒక కాయ తీసుకున్నాడు. ఒలవకుండా తలెత్తి దూలాన్నే చూస్తూ ఉన్నాడు. చాలాసేపటికి సుబ్బలక్ష్మమ్మ లోపలికొచ్చి, తలుపు పక్కనే కూర్చుంది.