తాడు లాగితే నడిచిన వ్యాన్

మా పిన్ని డయాలసిస్ రోగుల్ని ఇళ్ళ నుంచి ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యాన్ నడుపుతుంది. పాత వ్యాన్‌తో ఎన్నో ఏళ్ళు కాపురం చేసింది. అది మొండి ఘటం. చలికాలంలో ఓ పట్టాన స్టార్టయ్యేది కాదు. అయితే దాని రోగాలన్నీ స్క్రూడ్రైవరుకి లొంగేవే. కిందటేడు కొత్తది కొన్నాక, పాతదాన్ని తుక్కు కింద ఇచ్చేద్దామని బాబాయి పోరుతుండేవాడు.

ఒక రోజు పొద్దున కొత్త వ్యాన్‌లో, డయాలసిస్‌కి వెళ్ళే దర్జీ తాత ఒక్కడే ఉన్నాడు. వంతెన ఎక్కుతుండగా స్టీరింగు వెనక మీటర్లలో ఎర్రదీపం వెలిగి, బండి నిలువునా ఆగిపోయింది. కంపెనీ వాళ్ళకు ఫోన్ చేస్తే, కంప్యూటరు తగిలించి చూస్తేగాని చెప్పలేమన్నారు. మనిషి వచ్చేసరికి సాయంత్రమౌతుందట. తాతకి అప్పటికే కాళ్ళకు నీరు పట్టింది, ఆయాసం మొదలైంది.

పిన్ని బాబాయికి ఫోన్ చేసింది. "పాతదాన్ని తీసుకుని వెంటనే రండి."

ఆయన తెచ్చాడు. తాతని అందులోకి మార్చి బయల్దేరారో లేదో, యాక్సిలరేటరు కేబుల్ పుటుక్కున తెగింది.

"దీనికీ ఇవాళే ముహూర్తం కుదిరిందా!" అని బాబాయి తల పట్టుకున్నాడు.

పిన్ని ముందు సీట్ల మధ్య ఉన్న ఇంజను మూత ఎత్తింది. కేబుల్ లాగే చిన్న మీట చేతికందేలాగే ఉంది. "గట్టి తాడేమైనా ఉందా?"

తాత సంచీలోంచి కోటు గుండీలు కుట్టే దారం తీసి, నాలుగు పేటలు పేని ఇచ్చాడు. పిన్ని దాన్ని మీటకి కట్టి, కొస చేతికి చుట్టుకుంది. బాబాయి స్టీరింగు పట్టాడు.

"లాగు, లాగు... చాల్చాలు, వదులు!"

"ముందు మీరు గేరు మార్చండి. లాగడం నాకు తెలుసు."

వెనక నుంచి తాత రొప్పుతూనే నవ్వాడు. "ఇన్నేళ్ళూ మీ ఇంట్లో జరిగేదీ ఇదేగా బాబూ!"

ఎగిరెగిరి పడుతూ వ్యాన్ ఆసుపత్రి చేరింది. నర్సు తాత కోసం మంచం ఆపి ఉంచింది. మధ్యాహ్నానికి ఆయన హాయిగా ఊపిరి తీసుకుంటున్నాడని తెలిశాక, పిన్ని ఆ ఇంజను మూత మీద చెయ్యి వేసి కళ్ళు తుడుచుకుంది.

కొత్త వ్యాన్ మర్నాటికల్లా బాగైంది. దాని మీద పిన్నికి కోపమేమీ లేదు. "కుదుపన్నది లేకుండా మనుషుల్ని పువ్వుల్లా దింపుతుంది, దాన్నెందుకు తిట్టాలి?" అంటుంది. ఇప్పటికీ రోజూ నడిపేది దాన్నే. పాతదాన్ని మాత్రం అమ్మనివ్వలేదు. బాబాయే వెళ్ళి కొత్త కేబుల్ వేయించాడు.

నెల తిరక్కుండా దర్జీ తాత పాత వ్యాన్ సీట్లకు నీలం తొడుగులు కుట్టి తెచ్చాడు.

"బండికింత మంచి బట్ట ఎందుకు పెద్దాయనా?" అంది పిన్ని.

"నన్ను మోసిందమ్మా," అన్నాడాయన. "ఊరికే ఎలా ఉంటాను?"