అరికాళ్ల మంట తగ్గిందనుకున్నాం

ఇలా దగ్గరగా కూర్చుని వినండమ్మా. మాది బండారులంక, చీరలు నేసే ఇల్లు. షుగరు వల్ల మా ఆయనకు ఏళ్ల తరబడి అరికాళ్ల మంటలు. నిరుడు వేసవిలో ఆ మంటలు పోయేసరికి జబ్బే తగ్గిందని సంబరపడి మాత్రలు మానేశారు.

ఒక ఉదయం ఆయన గుంట మగ్గంలో కాళ్లు దించుకుని నేస్తున్నారు. నూలు కండెలు ఇవ్వబోతూ వంగి చూస్తే, కింద ఆయన తొక్కే చెక్క నెత్తురుతో తడిసి ఉంది.

"ఏవండీ, ఓసారి కాలు పైకి తియ్యండి."

"ఉండవే, అంచు దగ్గరున్నాను. నాకేం నొప్పి లేదు."

కాలు లాగి చూశాను. విరిగిన వెదురు పుల్ల అరికాల్లో దిగిపోయి ఉంది. చుట్టూ అప్పటికే చీము పట్టింది. వెంటనే ఆటోలో అమలాపురం తీసుకెళ్లాను.

"మంట తగ్గలేదండీ, కాలికి స్పర్శ పోయింది. ఇంకా ఆలస్యమైతే పాదం తీసేయాల్సి వచ్చేది" అన్నారు డాక్టరమ్మ.

"పాదం లేకపోతే మగ్గమెలా తొక్కనండీ?" అన్నారాయన.

"ఉంటుందండీ. మందులు మానకండి, రోజూ అరికాళ్లు చూసుకోండి."

పాదం దక్కింది. ఇప్పుడు మగ్గం దిగగానే ఆయన కాళ్లు ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందులతో సహా చూస్తాను.

"పెళ్లిలో నీ కాలు పట్టుకుని మట్టెలు తొడిగేను కదా, ఆ బాకీ తీరుస్తున్నావా?" అంటారు.

"ఆయ్, కదలకుండా కూర్చోండి" అంటాను.

నొప్పి లేదంటే బాగున్నట్టేనని అనుకోకండమ్మా. మీ ఇంటిల్లిపాదీ తమ కాళ్ల మీద తాము నిండు నూరేళ్లూ తిరగాలి.