తరలించవలసినవి: స్తంభాలు, పైపు, తాబేలు

ముందే ఒప్పుకుంటున్నాను, ఒకటిని పది చేసి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. కొలతల పుస్తకంలో తప్ప ఎక్కడా నిజం రాయలేదు. కనుక ఇక్కడ ఏ అంకె కనిపించినా సగానికి కోసుకుని చదవండి.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఒక మే నెలలో, నన్ను రోడ్ల శాఖ సహాయ ఇంజనీరుగా ఇబ్రహీంపట్నంలో వేశారు. మంచాల వైపు రోడ్డు వెడల్పు చేస్తూ చెరువు కాలువ మీద కల్వర్టు కట్టాలి. వానలలోపు కాంక్రీటు పడకపోతే పక్కన వేసిన మట్టిదారి మునుగుతుంది, బస్సు ఆగుతుంది.

పునాది గుంత తవ్విన మర్నాడే అందులో లారీ టైరంత తాబేలు. మెత్తటి డొప్పది. రక్షిత జీవుల జాబితాలో ఉన్నది, అనుమతి లేకుండా తాకితే కేసు. పని ఆపేశాను.

రోజూ ఆ దారినే బస్సులో చేపలమ్మబోయే యాదమ్మ దిగి వచ్చి ఏదో చెప్పబోయింది. "ఇది రూల్సు విషయమమ్మా" అన్నాను.

"రూల్సా? వాన వడితె బస్సు బందైతది. అప్పుడు నా చేపల గంప నువ్వే నెత్తిన వెట్టుకొని పట్నం దాక నడువు సారూ!" అని వెళ్లిపోయింది.

రోడ్డుకు అడ్డొచ్చిన వాటికి మా దగ్గర 'తరలించవలసినవి' అని ఒక జాబితా ఉంటుంది. అందులో కరెంటు స్తంభాలు ఆరు, నీళ్ల పైపు ఒకటి ఉన్నాయి. కింద 'తాబేలు ఒకటి' అని చేర్చాను. పక్క గడిలో యజమాని శాఖ పేరు, సమ్మతి సంతకం ఉండాలి. ఒక కార్యాలయం నీటిలోది కదా, మాది కాదంది. ఇంకొకటి చేప కాదు కదా, మాదెట్లా అంది. నలభై ఉత్తరాలు రాశాక అనుమతి వచ్చింది. ఫారెస్టు గార్డు దాన్ని తడి గోనెసంచిలో చుట్టి పెళ్లికూతురిని సాగనంపినట్టు చెరువులో వదిలాడు.

తెల్లారేసరికి మళ్లీ గుంతలో ఉంది.

"నిన్నటిదే సార్, ఈపు మీద మచ్చ సూడుండ్రి" అన్నాడు గార్డు.

మూడోసారికి మేస్త్రీ భిక్షపతి, "దీని పేరు హాజరుపట్టీల రాద్దాం సార్. మనోళ్లకంటె టైముకొస్తున్నది" అన్నాడు.

పన్నెండో రోజు నా బుర్రలో మెరుపు మెరిసింది. కాలువకు ఒక పక్క మేం పోయించిన ఇసుకకుప్ప, నడుమ మా గుంత. తాబేలు వచ్చేది గుంతకు కాదు, ఇసుకకు; దారిలో గుంతలో పడుతోంది. గుడ్లు పెట్టడానికి. గార్డు కుప్ప చుట్టూ తిరిగి చూస్తే ఒకచోట తవ్వి పూడ్చిన గుర్తు. కుప్పకు కంచె వేశాం, వేరే ఇసుక తెప్పించాం, గుంత చుట్టూ రేకులు పాతాం. కాంక్రీటు పడి గట్టిపడ్డాకే మొదటి వాన వచ్చింది. బస్సు ఒక్కరోజు కూడా ఆగలేదు. యాదమ్మ కిటికీలోంచి చూసి, నవ్వకుండా తల మాత్రం ఊపింది.

ఇప్పుడు నేను కల్పించింది చెప్పాలి. లారీ టైరు, నలభై ఉత్తరాలు మీరెట్లాగూ కోసుకునే ఉంటారు. అసలు అబద్ధం పన్నెండో రోజు మెరుపు. నా బుర్రలో ఏదీ మెరవలేదు. మొదటి రోజే, నేను రూల్సు అనకముందే, యాదమ్మ మాట పూర్తిగా చెప్పింది: "అది గుడ్లకచ్చింది సారూ, మీ ఇసుకను జూసి. కుప్ప జర అవతలికి జరుపు, అదే వోతది."

ఆమె మాట రాయడానికి జాబితాలో గడి లేదు. నేను రాసుకోలేదు. పన్నెండో రోజు గుర్తొచ్చింది ఆ మాటే. ఆ తర్వాత విరమణ దాకా ఏ కాలువ మీద పనైనా, గుంత తవ్వే ముందు అక్కడ చేపలు పట్టేవాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది కొలతల పుస్తకం మొదటి పేజీలో రాశాను. ఈ ఒక్కదాన్ని సగానికి కోయనక్కర్లేదు.